ఎడం మలుపులో మింగేత్తంది

మన వైపు ఏ మెకానిక్ షెడ్డు దగ్గరైనా ఒక పావుగంట ఊరికే నిలబడి చూడండి. బండి సరిగ్గా నడవట్లేదని చెప్పడానికి వచ్చినవాళ్లు ఎన్ని రకాలుగా చెబుతారో వినండి. ఒకాయన "లాగట్లేదండి" అంటాడు. ఇంకొకాయన "మిస్ కొడతందండి" అంటాడు. మూడో ఆయన "రేస్ అవుతంది గానీ బండి కదలట్లేదు" అంటాడు. "ఉన్నట్టుండి టక్కున ఆగిపోయి మళ్లీ అందుకుంటంది" అనేవాడు ఒకడు, "దగ్గుతందండి, ఊపిరి అందనట్టు" అనేవాడు ఇంకొకడు. వీళ్లంతా పవర్ తగ్గిందనే చెబుతున్నారు. కానీ ఎవరూ ఒకటే జబ్బు చెప్పట్లేదు. మెకానిక్కి అది తెలుసు. అందుకే మొదటాయన బండికి ఎయిర్ ఫిల్టర్ విప్పుతాడు, రెండో బండికి ప్లగ్గు, మూడో బండికి క్లచ్ ప్లేట్లు. బండి చూడకముందే సగం పని ఆ మాటతోనే అయిపోతుంది.

ఇప్పుడు మా కాలేజీ రేసింగ్ టీమ్ ఫాల్ట్ షీట్ సంగతి చెప్తాను. అందులో "సింప్టమ్" అనే కాలమ్ ఉంది. దానికి డ్రాప్‌డౌన్. అందులో ఏడు ఆప్షన్లు, అన్నీ ఇంగ్లీష్‌లో, వాటిలో ఒకటి "పవర్ లాస్". పైన చెప్పిన ఐదుగురూ మా షీట్‌లోకి వస్తే ఐదుగురూ ఆ ఒక్క ఆప్షన్ మీదే క్లిక్ చేయాలి. నేను సీఎస్‌ఈ వాడిని, డ్రాప్‌డౌన్ ఎందుకు పెడతారో నాకు తెలుసు. ఫిల్టర్ చేయడం సులువు, గ్రాఫ్ గీయడం సులువు. కానీ సమాచారం లోపలికి రాకముందే దాన్ని చంపేసి, ఆ తర్వాత దానికి అందమైన గ్రాఫ్ గీస్తే ఏం లాభం? ఆ డ్రాప్‌డౌన్ వల్ల మా టీమ్‌కి మూడు వారాలు పోయాయి. ఒక మనిషికి సీటు పోబోయింది. ఈ వ్యాసం దాని గురించే.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల్లో విద్యార్థులు తామే ఒక సింగిల్ సీటర్ కార్ డిజైన్ చేసి, తయారు చేసి, నడపాలి. మన దేశంలో ఫార్ములా భారత్ చాలా ఏళ్లుగా కోయంబత్తూర్ దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతోంది. ఆ ట్రాక్‌కి ఆ పేరు ఎస్. కరివర్ధన్ గారి వల్ల వచ్చింది. మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి అనే చవకైన రేస్ కార్ తయారుచేసి, డబ్బున్నవాళ్లకే అనుకున్న ఆటని మామూలు కుర్రాళ్ల దాకా తెచ్చిన మనిషి ఆయన. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. మనలాంటి కాలేజీలవాళ్లు పానా పట్టుకుని ట్రాక్ మీద నిలబడుతున్నారంటే ఆయన లాంటివాళ్ల పుణ్యమే.

మా కార్‌లో ఉన్నది కేటీఎం 390 ఇంజన్, ఒకే సిలిండర్, 373 సీసీ. చాలా ఇండియన్ టీమ్‌లు ఇదే వాడతాయి. రూల్స్ ప్రకారం ఇంజన్ పీల్చే గాలి అంతా 20 మిల్లీమీటర్ల కన్నం గుండానే వెళ్లాలి. అంటే ముందే ముక్కు సగం మూసిన ఇంజన్ అన్నమాట. ఇంకొంచెం పవర్ పోయినా డ్రైవర్‌కి వెంటనే తెలిసిపోతుంది. ఈ పోటీలో అన్నిటికన్నా పెద్ద గండం ఎండ్యూరెన్స్. దాదాపు 22 కిలోమీటర్లు, మధ్యలో డ్రైవర్ మారాలి. ఏడాదంతా కష్టపడి కార్ చేసి ఇక్కడ మధ్యలో ఆగిపోయిన టీమ్‌లు కోకొల్లలు.

మా కార్‌కి వచ్చిన జబ్బు ఇదీ. ప్రాక్టీస్ మొదలుపెట్టిన పదిహేను ఇరవై నిమిషాల దాకా బాగానే నడుస్తుంది. తర్వాత మలుపుల్లో పవర్ పోతుంది. పిట్‌కి తెచ్చి కాసేపు ఆపి, పెట్రోల్ పోసి మళ్లీ పంపిస్తే బాగానే ఉంటుంది. ఇంకో పావుగంటకి మళ్లీ అదే.

ఏమనుకుంటారు మీరైతే? మా సీనియర్లూ అదే అనుకున్నారు: వేడి. ఇంజన్ వేడెక్కాక వస్తోంది, చల్లారాక పోతోంది. మన గోదావరి జిల్లాల్లో ఫిబ్రవరి దాటితే మధ్యాహ్నం పూట ఉండే ఉక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు, కాబట్టి ఆ అనుమానం తెలివితక్కువదేం కాదు. పెట్రోల్ పైపులకి వేడి తగలకుండా రేకు చుట్టారు. రేడియేటర్ ఫ్యాన్ పెద్దది వేశారు. వేడికి పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతోందేమో అని పంప్ మార్చారు. దానికి మా జేబుల్లోంచి చందాలు వేశాం. ఇంజన్ మ్యాప్ కూడా మళ్లీ ట్యూన్ చేశారు. జబ్బు మాత్రం అలాగే ఉంది. ప్రతిసారీ షీట్‌లో ఒక కొత్త వరస చేరింది: పవర్ లాస్, పవర్ లాస్, పవర్ లాస్.

కార్ నడిపేవాడు ఈసెట్ రాసి డిప్లొమా నుంచి నేరుగా సెకండియర్‌లోకి వచ్చిన కుర్రాడు. కోనసీమలో పల్లెటూరు. పదమూడేళ్లకే చేలో ట్రాక్టర్ నడిపినవాడు. స్టీరింగ్ పట్టుకుంటే మా టీమ్‌లో వాడి దరిదాపుల్లోకి వచ్చేవాడు లేడు. రివ్యూ మీటింగ్‌లో మాత్రం మాట్లాడడు, ఎందుకంటే మా మీటింగులన్నీ ఇంగ్లీష్‌లో జరుగుతాయి. పోటీలో జడ్జీలు ఇంగ్లీష్‌లో అడుగుతారు కాబట్టి ఇప్పట్నుంచే అలవాటు కావాలని రూలు. వాడు మొదటి రోజే కార్ దిగి హెల్మెట్ తీస్తూ నాతో అన్న మాట నాకు బాగా గుర్తు.

"ఎడం మలుపులో మింగేత్తంది మావా. కాసేపాగి ఒక్కసారి తంతంది."

ఈ రెండు చిన్న వాక్యాల్లో ఎంత ఉందో చూడండి. ఎక్కడ? ఎడమ మలుపులోనే. ఎలా? టక్కున కాదు, మింగినట్టు, అంటే మెల్లగా కిందకి జారుతోంది. తిరిగి ఎలా వస్తోంది? మెల్లగా కాదు, తన్నినట్టు. మూడు సమాచారాలు. షీట్‌లోకి వెళ్లేసరికి మిగిలింది "పవర్ లాస్ ఇన్ కార్నర్స్". ఎడమ పోయింది, మింగడం పోయింది, తన్నడమూ పోయింది.

ఆ ఒక్క "ఎడం" అనే మాట ఎవరైనా పట్టించుకుని ఉంటే వేడి అనే అనుమానం మొదటి రోజే పోయేది. వేడికి కుడీ ఎడమా తెలియవు. వేడెక్కిన ఇంజన్ నేరుగా వెళ్లేటప్పుడూ మొరాయిస్తుంది, కుడికి తిరిగినా మొరాయిస్తుంది. ఎడమకి తిరిగినప్పుడే మొరాయిస్తోందంటే, పక్కకి ఒరిగే వస్తువేదో కార్‌లో ఉండాలి.

రెండో వారంలో విషయం ముదిరింది. ఒక పొడుగాటి ఎడమ మలుపు మధ్యలో పవర్ పోయి, మళ్లీ తన్నినప్పుడు వెనక చక్రాలు జారాయి. కార్ అడ్డంగా తిరిగి, కోన్లన్నిటినీ ఎగరగొట్టి, గ్రౌండ్ అంచున కొబ్బరి చెట్లకి నాలుగడుగుల దూరంలో ఆగింది. మనిషికేం కాలేదు. షీట్‌లో ఆ రోజు వరసలో "కాజ్" కింద "డ్రైవర్ ఎర్రర్" అని పడింది. మలుపు మధ్యలో కంగారుపడి యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ తొక్కేశాడని వాదన. ఆ వారం చివర్లో ఎండ్యూరెన్స్‌కి ఇద్దరు డ్రైవర్లలో ఒకర్ని మార్చాలనే చర్చ మొదలైంది. ఎవర్ని మార్చాలో ఎవరూ పేరు పెట్టి అనలేదు. అనక్కర్లేదు కూడా.

కడియం వైపు కాలువ గట్టు మీద ఒక పాత మెకానిక్ ఉన్నాడు. కార్లు, ఆటోలు, పంట బోదెల మీద పెట్టే ఇంజన్లు, అన్నీ చూస్తాడు. మా డ్రైవరూ నేనూ ఒక బుష్ కోసం వెళ్లినప్పుడు వాడు మాటల్లో ఈ సంగతి చెప్పాడు. చెప్పడం తెలుగులోనే కాబట్టి మొత్తం చెప్పాడు. ఆయన పనాపకుండానే మూడు ప్రశ్నలడిగాడు.

"ఎటు తిప్పితే వత్తంది బాబూ?"

"ఎడమకే బాబాయ్."

"తిప్పగానేనా, కాసేపాగా?"

"తిప్పి పట్టుకుని ఉంటే. చిన్న మలుపులో రాదు."

"అప్పుడు ట్యాంకులో పెట్రోలెంత?"

దీనికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆయనే నవ్వి, "పాలోళ్ల బళ్లు చూత్తారుగా. నిండు క్యాను ఏం చేయదు. సగం క్యానే మలుపులో బండిని లాగేత్తది" అన్నాడు. పాత కార్బరేటర్ కార్లు తక్కువ పెట్రోల్‌తో మారేడుమిల్లి ఘాట్ ఎక్కించినవాళ్లకి ఈ జబ్బు తెలుసట. తర్వాత ఫ్లోట్ చూసుకోమన్నాడు. మాది ఇంజెక్షన్, ఫ్లోట్ ఉండదు. ఆ మాట ఆయన పొరబడ్డాడు. కానీ ఆయన అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా మూడు వారాల్లో మా మీటింగ్‌లో ఎవరూ అడగలేదు.

నిండు కుండ తొణకదు అని మనం ఎవరి గొప్పతనం గురించో చెప్పడానికి వాడతాం. అది ఫ్లూయిడ్ మెకానిక్స్ కూడా. మా ట్యాంక్ 5 లీటర్లు. నిండుగా ఉన్నప్పుడు పెట్రోల్‌కి కదలడానికి చోటుండదు. సగం అయ్యాక ఉంటుంది. పదిహేను ఇరవై నిమిషాలు నడిపితే మా ట్యాంక్ సగానికి వస్తుంది! అంటే సీనియర్లు వేడి అనుకున్నది, వేడితో పాటే నడుస్తున్న ఇంకో సంగతి. సెషన్ సాగేకొద్దీ ఇంజన్ వేడెక్కుతుంది, పెట్రోల్ తగ్గుతుంది. పిట్‌కి వచ్చి ఆపితే ఇంజన్ చల్లారుతుంది, ట్యాంక్ నిండుతుంది. రెండూ ఎప్పుడూ జంటగానే కదిలాయి కాబట్టి ఏది దొంగో పైకి కనిపించదు.

ఇంకో చిన్న సంగతి ఉంది, నాకు ఇది తెలిసినప్పుడు భలే ముచ్చటేసింది. ఇదే ఇంజన్ బైకులో ఉంటే ఈ గొడవే రాదు. చిన్నప్పుడు బకెట్‌లో నీళ్లు పోసి చేత్తో గిర్రున తిప్పుంటారు, నీళ్లు బయట పడవు. బైకు మలుపులో ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందంటే, బరువూ పక్కకి తోసే బలమూ కలిసి బైకు నిలువు గీత మీదుగా సరిగ్గా కిందకే పనిచేసేంత. అందుకే ట్యాంక్‌లో పెట్రోల్, కింద సంప్‌లో ఆయిల్, తమకేం తెలియనట్టు అడుగునే ఉంటాయి. అదే ఇంజన్ తెచ్చి నాలుగు చక్రాల బండిలో పెట్టాం. ఈ బండి ఒరగదు. బండి ఒరగకపోతే లోపలి ద్రవం ఒరుగుతుంది. పక్కకి తోసే బలం 1 జీ ఉంటే పెట్రోల్ పైమట్టం 45 డిగ్రీలు వాలుతుంది. మా కార్ మలుపులో 1.1 జీ దాకా వెళ్తుంది, అంటే సుమారు 48 డిగ్రీలు. సగం ట్యాంకుని ఆ కోణంలో వంచి ఊహించుకోండి. ఎడమకి తిరిగితే పెట్రోలంతా కుడి గోడకి ఎక్కుతుంది. మా ట్యాంక్‌లో పంప్ పీల్చే చోటు ఎడమ మూలలో ఉంది. ఫ్రేమ్‌లో ఇమడాలని అలా పెట్టారు. అప్పుడు పంప్ పీల్చేది గాలి.

ఇక మింగడం, తన్నడం కూడా అర్థమైపోతాయి. పంప్ గాలి పీల్చిన క్షణంలోనే ఇంజన్ ఆగదు, పైపులో మిగిలిన పెట్రోల్ కాసేపు నడిపిస్తుంది. ప్రెజర్ మెల్లగా పడుతుంది. ఇంజెక్టర్ తెరుచుకుంటోంది గానీ చాలినంత పెట్రోల్ రావట్లేదు. అది మింగడం. మలుపు విప్పగానే పెట్రోల్ వెనక్కి వచ్చి, ప్రెజర్ ఒక్కసారి లేస్తుంది, డ్రైవర్ కాలు అప్పటికీ యాక్సిలరేటర్ మీదే ఉంటుంది. అది తన్నడం. పవర్ మీదున్న ఇంజన్‌కి పెట్రోల్ చాలకపోతే లోపల మంట వేడి పెరిగి పిస్టన్‌కే ముప్పు. కాబట్టి ఇది డ్రైవర్ ఓర్చుకుని నడిపేసే ఇబ్బంది కాదు.

ఇదంతా అప్పటికి ఊహే. మెకానిక్ చెప్పాడు కాబట్టి నిజమని నేను అనను, అలా అనేవాళ్లంటే నాకు డ్రాప్‌డౌన్ కన్నా ఎక్కువ భయం. కొలవాలి. పెట్రోల్ లైన్‌కి ఒక ప్రెజర్ సెన్సర్ పెట్టి, చవకగా దొరికే ఎంపీయూ-6050 చిప్‌తో పక్క బలం చదువుతూ, రెండూ సెకనుకి 50 సార్లు రాసుకునేలా నేనూ ఇంకో జూనియరూ వైరింగ్ చేశాం. టెస్ట్ ఎలా చేయాలనేది పోటీలోనే ఉంది. స్కిడ్‌ప్యాడ్ అని ఎనిమిది అంకె ఆకారంలో రెండు వృత్తాలు, ఒక్కోదాని లోపలి వ్యాసం 15.25 మీటర్లు. కుడి వృత్తం రెండు చుట్లు, ఎడమ వృత్తం రెండు చుట్లు. మా కార్‌కి ఒక చుట్టు ఆరు సెకన్లు పడుతుంది. అందరూ దీన్ని టైమ్ కోసం చేస్తారు గానీ, కుడి ఎడమల మధ్య తేడా పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి బల్ల లేదు.

నాలుగు పరుగులు తీశాం. చల్లని ఇంజన్, నిండు ట్యాంకు. చల్లని ఇంజన్, సగం ట్యాంకు. వేడి ఇంజన్, నిండు ట్యాంకు. వేడి ఇంజన్, సగం ట్యాంకు. జంటగా తిరిగే ఇద్దర్ని విడదీయాలంటే ఇదొక్కటే దారి. ఒక్క సాయంత్రం పని. నిండు ట్యాంకుతో వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా గీత కదల్లేదు, మూడున్నర బార్ దగ్గర తిన్నగా ఉంది. సగం ట్యాంకుతో కుడి వృత్తంలో తిన్నగా ఉంది. ఎడమ వృత్తంలోకి వచ్చి రెండు సెకన్లయ్యాక ఒకటిన్నర బార్ కిందకి జారింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూడా.

ఆ రాత్రి కొబ్బరి చెట్ల రోజు ఈసీయూ లాగ్ కూడా తీసి చూశాం. యాక్సిలరేటర్ ఎంత తొక్కారనేది ఈసీయూ ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. "డ్రైవర్ ఎర్రర్" అని తేలిపోయాక ఆ ఫైల్ ఎవరూ తెరవలేదు. అందులో కాలు కదల్లేదు. తొక్కింది తొక్కినట్టే ఉంది, ఆర్‌పీఎం మాత్రం ఒక సెకను పాటు కుంగి ఒక్కసారి లేచింది. వాడు చెప్పిన "మింగేత్తంది, తంతంది" గీతలాగా గీసుంది.

ట్యాంక్ కొత్తది చేయించాం. లోపల కన్నాలున్న అడ్డు పలకలు, పంప్ పీల్చే చోటు చుట్టూ ఒక చిన్న డబ్బా, ఆ డబ్బాకి లోపలికి మాత్రమే తెరుచుకునే రేకు తలుపులు. కాలువ లాకుల తలుపులు నీటి ఒత్తిడికే బిగుసుకుంటాయి కదా, అదే పద్ధతి. పెట్రోల్ లోపలికి వస్తుంది, మలుపులో బయటికి పోబోతే తలుపు మూసుకుంటుంది. మార్చిన పంప్ ఖర్చుతో పోలిస్తే ఇది సగం కూడా కాలేదు.

ఇక్కడ మీలో కొందరు అనొచ్చు, పెట్రోల్ సంగతి కాబట్టి సరిపోయింది, ప్రతి జబ్బుకీ డ్రైవర్ మాట పనికొస్తుందా అని. మలుపులో పవర్ పోవడానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. అవీ మాటలోనే విడిపోతాయని నా వాదన. "రేస్ అవుతంది, బండి కదలట్లేదు" అంటే ఇంజన్ బాగానే ఉంది, మలుపు లోపలి వైపు చక్రం గాల్లోకి లేచి వట్టిగా తిరుగుతోంది. "టక్కున ఆగి టక్కున వస్తోంది" అంటే పెట్రోల్ అంత తొందరగా రాదు పోదు, అది కరెంటు. ఇంజన్ కాస్త పక్కకి ఊగినప్పుడు లాగబడే వైరో, వదులైన ఎర్తో. బైకు ఇంజన్లకైతే ఇంకో తమాషా ఉంది. బైకు పడిపోతే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి కార్‌లో పెడితే, గట్టి మలుపులో పక్క బలాన్ని చూసి బైకు పడిపోయిందనుకుంటుంది పాపం. "మలుపంతా బరువుగా ఉంటంది, తన్నదు" అంటే టైర్లే అడ్డంగా రాసుకుని వేగాన్ని తినేస్తున్నాయేమో. కొన్నిసార్లు నిజంగానే డ్రైవర్ కాలు జారుతుంది, సీటు వదులైతే ఒళ్లంతా పక్కకి పోయి కాలు తనకి తెలియకుండానే లేస్తుంది. ఆయిల్ ఒక్కటే మాటకి అందదు. సంప్‌లో ఆయిల్ పక్కకి పోయినా పవర్ వెంటనే తగ్గదు, డ్రైవర్‌కి ఏమీ అనిపించదు, ఒకరోజు బేరింగ్ పోతుంది. దానికి సెన్సరే దిక్కు.

ఇలా మాట విని జబ్బు పట్టడం కొత్త సంగతేం కాదు. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో స్పిట్‌ఫైర్, హరికేన్ పైలట్లకి ఇలాంటిదే వచ్చింది. మెర్లిన్ ఇంజన్‌కి కార్బరేటర్. జర్మన్ మెసర్‌ష్మిట్‌కి ఇంజెక్షన్. జర్మన్ వాడు ముక్కు కిందకి వంచి డైవ్ చేస్తే, వెంటపడ్డ వీళ్లు కూడా అలాగే వంచగానే ఇంజన్ ఆగేది, పెట్రోల్ కార్బరేటర్‌లో పైకి లేచిపోయి. అందుకే పైలట్లు విమానాన్ని సగం తలకిందులు చేసి డైవ్‌లోకి వెళ్లేవారు. ముందు పెట్రోల్ అందక, తర్వాత ఎక్కువై ముంచేసి, రెండు రకాలుగా ఆగుతోందని తేలాక, ఫార్న్‌బరో పరిశోధన సంస్థలో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీర్ పెట్రోల్ దారిలో పెట్టే ఒక చిన్న ఇత్తడి బిళ్ల లాంటిది తయారుచేసింది. పెట్రోల్ వరదలా వచ్చి ముంచేయకుండా అది ఆపుతుంది. 1941లో ఆమె టీమ్ విమాన స్థావరాలు తిరిగి దాన్ని బిగించింది. ఆమె బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ బైకుతో గంటకి 106 మైళ్ల సగటుతో ల్యాప్ తిరిగిన రేసర్ కూడా. ఆ పైలట్లు "ఇంజన్ ఆగింది" అని మాత్రమే రాసి, "ముక్కు కిందకి వంచగానే" అనే ముక్క వదిలేసి ఉంటే ఎవరు మాత్రం ఏం చేయగలరు?

ఇదంతా విన్నాక మా టీమ్‌లో ఒక సీనియర్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "అయితే ఇప్పుడు అంతా తెలుగులో రాయమంటావా? జడ్జీలకి ఏం చూపిస్తాం?" జడ్జీలకి ఇంగ్లీష్‌లోనే చూపిద్దాం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే, నాకు దానితో పేచీ లేదు. పేచీ వరస గురించి. ముందు మనిషి చెప్పింది చెప్పినట్టు పడాలి, తర్వాత దాన్ని ఏ భాషలోకైనా మార్చుకోవచ్చు. మార్చాక మొదటిది పారేయకూడదు. ప్రోగ్రాం రాసేటప్పుడు మనం రా డేటా డిలీట్ చేయం కదా, క్లీన్ చేసిన కాపీ పక్కన పెట్టుకుంటాం. మనిషి మాటకి మాత్రం ఆ మర్యాద ఎందుకివ్వం? తెలుగు కాబట్టా? పల్లెటూరి తెలుగు కాబట్టా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. "మింగేత్తంది" అని సెల్‌లో టైప్ చేయడానికి మాకు సిగ్గు. "హెసిటేషన్" అని ఉంటే సిగ్గుండేది కాదు. ఇంగ్లీష్ మెకానిక్కులు కూడా ఇంజన్ దగ్గుతుందనీ, తడబడుతుందనీ, తుమ్ముతుందనే అంటారు. వాళ్ల మాటలు పుస్తకాల్లోకి ఎక్కి టెక్నికల్ పదాలయ్యాయి. మనవి షెడ్డు దాటి రాలేదు.

నేను అడిగింది పెద్దదేం కాదు. షీట్‌లో మొదటి కాలమ్ ఖాళీ టెక్స్ట్ బాక్స్ కావాలి, డ్రైవర్ దిగిన ఐదు నిమిషాల్లోపు, వాడు ఏ భాషలో చెబితే ఆ భాషలో, వాయిస్ నోట్ అయినా సరే. దాని పక్కన మూడు గళ్లు: ఎటు, ఎంతసేపటికి, పెట్రోల్ ఎంత. డ్రాప్‌డౌన్ ఆ తర్వాత ఉంచుకోండి, ఫిల్టర్లు వేసుకోండి. ఇది ఒప్పుకున్నారు. "డ్రైవర్ ఎర్రర్" అని పడిన వరస కొట్టేసి, పక్కన లాగ్ ఫైల్ పేరు రాయమని కూడా అడిగాను. పాత ఎంట్రీలు మార్చకూడదనేది పాలసీ అన్నారు. సరే, మార్చొద్దు, కింద ఇంకో వరస రాయండి అన్నాను. ఈ సంచిక వచ్చేనాటికి ఆ వరస పడలేదు. ఎండ్యూరెన్స్ డ్రైవర్ల లిస్ట్ కూడా ఇంకా రాలేదు.

కొత్త ట్యాంక్‌తో మొన్న ఆదివారం ఒకటిన్నర లీటర్ మిగిలేదాకా నడిపాం. ఎడమ వృత్తంలో ప్రెజర్ గీత తిన్నగానే ఉంది. వాడు మాత్రం దిగి, "కుడివైపు చివర్లో కొంచెం దగ్గుతంది మావా, మింగట్లేదు, దగ్గుతంది" అన్నాడు. పెట్రోల్ ప్రెజర్‌లో ఏమీ కనపడలేదు. ఈసారి ఆ మాట మొదటి కాలమ్‌లో తెలుగులోనే పడింది. వచ్చే ఆదివారం ప్లగ్గు కేబుల్ ఇంజన్ ఊగినప్పుడు ఎక్కడైనా తగులుతోందేమో చూడాలి.